నాలుగో చెక్కకు బూటు పాలిష్

వంటగది బల్ల దగ్గరనుంచి,
జూన్ 6, శుక్రవారం

అమ్మాయికి, నీ మేనత్త కళ్ళజోడు తుడుచుకుని రాస్తున్నది.

మీ నాన్న నడుం ఎలా ఉంది? మా తమ్ముడికి చిన్నప్పటినుంచీ వంగడం తెలుసు, లేవడం తెలుసు, మధ్యలో ఆగడం తెలియదు. మీ అమ్మకు తలనొప్పి తగ్గిందా, లేక నా ఉత్తరం వచ్చిన రోజే వస్తోందా? మీ పిల్లి చెవి పుండు మానిందా? మీ పరీక్షశాలలో, అదే ఆ ల్యాబులో, పెద్దమేడమ్ గారి దగ్గు ఎలా ఉంది? ఆవిణ్ణి నేను చూసి ఎరగను గానీ నీ ఉద్యోగం ఆవిడ చేతిలో ఉందన్నావు, కాబట్టి ఆవిడ ఊపిరితిత్తులు నాకూ ముఖ్యమే. నువ్వు వేళకు తింటున్నావా? ఇక్కడ నేను క్షేమం అని రాద్దామనుకున్నాను. అలా రాసిన మర్నాడే ఏదో ఒకటి వస్తుంది. అందుకని ఫరవాలేదు అని మాత్రం రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చు కదా అత్తయ్యా అంటావు. ఫోనులో మాట తెగితే నువ్వు మెట్లమీంచి పడ్డావనుకుంటాను. ఉత్తరం తెగదు.

సంగతేమిటంటే, కిందటి అక్టోబరులో నువ్వు వచ్చి వెనక గోడకు వేలాడదీసి వెళ్ళిన ఆరు చెక్కలు. కొత్తరకం నల్లరంగు, ఎండకీ వానకీ ఎలా నిలుస్తుందో ఏడాదిపాటు చూస్తాం అన్నావు. సరే, చూడండి. కానీ రంగన్నాక వేసినచోట పడి ఉండాలి కదా. ఇది పెరుగుతోంది. మార్చిలో లేని చుక్క మేలో ఉంది. మొన్న పక్కింటి టైలరమ్మ గోడమీంచి చూసి, "ఏంటి పెద్దమ్మా, మీ చెక్కలకు గడ్డం మొలుస్తోంది?" అంది. నాకు తల తీసేసినట్టయింది. ఆవిడ కొట్లోకి ఊరంతా వస్తుంది, కొలతలిస్తూ మన గోడ సంగతి వింటుంది.

ఈ సంగతి నా విచారాల పుస్తకంలో రాసుకున్నాను. నీకు తెలుసుగా, మీ మావయ్య ఉన్నప్పుడు నా గోల పడలేక ఒక నోటుపుస్తకం కొనిచ్చి, "నాతో చెప్పకు, దీంతో చెప్పు. తారీఖు వేసి చెప్పు" అన్నారు. అప్పటినుంచి ప్రతి విచారమూ తారీఖుతో సహా రాస్తాను, తీరిపోతే కొట్టేస్తాను. ఇప్పుడు పదకొండో పుస్తకం నడుస్తోంది. కొట్టేసినవి తక్కువే.

ఆ చెక్కల్ని ఒక్కసారి సబ్బునీళ్ళతో తుడవనా? వెంటనే రాయి.

నీ
అత్తయ్య


పరీక్షశాల, మేడమీద గది,
జూన్ 9

అత్తయ్యా,

వరసగా చెబుతాను. నాన్న నడుం బానే ఉంది, మనిషే బాలేడు, అన్నిటికీ చిరాకు. అమ్మకు నీ ఉత్తరం వచ్చిన రోజు తలనొప్పి రాలేదు, నవ్వొచ్చింది. పిల్లి చెవి మానింది. మేడమ్ గారికి దగ్గు తగ్గింది, ఇప్పుడు నోరు పూర్తిగా పనిచేస్తోంది. నేను తింటున్నాను.

చెక్కల్ని ముట్టుకోవద్దు. సబ్బు వద్దు, నీళ్ళు వద్దు, పొడిగుడ్డ కూడా వద్దు. అది అలా చుక్కలు చుక్కలుగానే ఉంటుంది, రంగు స్వభావం అంతే. అక్టోబరుకు ఏడాది నిండుతుంది. మేడమ్ ఆ చెక్కల్ని చూశాకే నా ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా అన్నది తేలుస్తారు. మూడేళ్ళ నా పని ఆ ఆరు చెక్కలమీద ఉంది. వానా ఎండా రెండూ బాగా తగిలే గోడ నాకు తెలిసి నీదొక్కటే, అందుకే అక్కడ పెట్టాను.

టైలరమ్మను గడ్డం కొలత తీసుకోమను.

నీ కోడలు


వంటగది బల్ల దగ్గరనుంచి,
ఆగస్టు 20, బుధవారం

అమ్మాయికి,

అందరూ క్షేమమేనా? విడివిడిగా అడగడానికి చెయ్యి ఆడటం లేదు, ఎవరి మటుకు వాళ్ళు అడిగినట్టే అనుకోండి. పిల్లి కూడా.

రెండు నెలలనుంచి ఉత్తరం రాయలేదని కోపం పెట్టుకోకు. కారణమేమీ లేదు. చెక్కలు ఉన్నచోటే ఉన్నాయి. ఆరూ ఉన్నాయి. నేను అటువైపు పోవడమే లేదు, బట్టలు కూడా ఇంటి ముందువైపు ఆరేస్తున్నాను.

ఒక చిన్న సందేహం. ఆ నల్లరంగు బజార్లో దొరుకుతుందా? టైలరమ్మ అడగమంది. ఆవిడ కుట్టుమిషను బల్ల ఎక్కడో కొంచెం గీసుకుపోయిందట. కొంచెమే. ఇంకో మాట, రంగన్నది పోయాక మళ్ళీ దానంతటదే వస్తుందా? ఇది కూడా టైలరమ్మే అడిగింది.

ఇక్కడ ఒక మంచి విషయం. వంటగదిలో సింకు ముందున్న చెక్కనేల ఈ మధ్య మెత్తబడింది. నిలబడి గిన్నెలు తోముతుంటే కాలికింద పరుపులా ఉంటోంది. మోకాళ్ళ నొప్పికి చాలా హాయి. వయసు మళ్ళిన మనుషులకు ఇల్లు కూడా సర్దుకుంటుంది కాబోలు.

వేళకు తిను.

అత్తయ్య


పరీక్షశాల, మేడమీద గది,
ఆగస్టు 25

అత్తయ్యా,

గుమ్మడికాయల దొంగంటే నువ్వు భుజాలు తడుముకున్నట్టుంది. టైలరమ్మ మిషను బల్ల ఇనపది, నేను చూశాను. చెక్కలకు ఏమైంది?

అదలా ఉంచు. నేల పరుపులా ఉండటం మంచి విషయం కాదు. చెక్కలోకి నీళ్ళు దిగి, ఎండక, తడిగానే ఉండిపోతే అందులో బూజు పుడుతుంది. పైకి కనపడే బూజు కాదు, లోపల పెరిగేది. చెక్కకు బలమిచ్చే భాగాన్నే తినేస్తుంది. పైన పలక బాగానే ఉన్నట్టుంటుంది, లోపల రస్కులా పొడి. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని మెత్తగా ఉన్నచోట గుచ్చి చూడు. గట్టిగా తగిలితే సరే. సులువుగా దిగిందంటే వెంటనే నాకు రాయి. సింకు కింద తలుపు తెరిచి పైపు చెమ్మగా ఉందేమో కూడా చూడు.

నాకు నిజం రాయి అత్తయ్యా. కోప్పడను.

నీ కోడలు


వంటగది కాదు, ముందు గదినుంచి,
సెప్టెంబరు 3, బుధవారం

అమ్మాయికి,

స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. భయపడి వదిలేశాను. మళ్ళీ బయటికి రావడం లేదు, లాగితే నేలంతా దాంతోపాటు వచ్చేట్టుంది. ప్రస్తుతం దానికి చేతిగుడ్డ తగిలిస్తున్నాను.

సింకు కింద తలుపు తెరిచాను. పైపు మూల చుక్క చుక్క కారుతోంది. దాని వెనక చెక్కమీద ఒక చెవి ఉంది. నిజంగా చెవే. అరచెయ్యంత, గోధుమరంగు, అంచు తెల్లగా. ఇన్నాళ్ళూ నేను ఆ సింకు దగ్గర నిలబడి ఒక్కదాన్నే ఎన్నో మాట్లాడుకున్నాను, మీ అమ్మ గురించి కూడా. అంతా వింది.

తలుపు మూసి, దానికి అడ్డంగా బియ్యం డబ్బా పెట్టి ముందు గదిలోకి వచ్చేశాను. టైలరమ్మను పిలిచి చూపిస్తే ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది. "బూజు పెద్దమ్మా. మా బాబాయి ఇంట్లో ఇలాగే ఒక పుట్టగొడుగుతో మొదలైంది, చివరికి మెట్లు దిగుతుంటే మెట్టే దిగిపోయింది" అంది. తర్వాత వెనక్కి వెళ్ళి నీ చెక్కల్ని గోటితో గీకి, వాసన చూసి, "ఇదీ బూజే. రంగూ లేదు గింగూ లేదు. ఈ నల్లది వెనకనుంచి గోడలోంచి పాక్కుంటూ వంటింట్లోకి వచ్చింది, మీ కోడలు ఇంటికి పురుగు పెట్టి వెళ్ళింది" అంది.

నీమీద ఆ మాట పడనివ్వలేదు, దెబ్బలాడాను. మా కోడలు రంగన్నదంటే రంగే అన్నాను. కానీ రంగు పెరగదని నాకూ తెలుసు. గోరుచుట్టుమీద రోకటిపోటులా ఉంది. ఒకవైపు తినే బూజు, ఒకవైపు నల్ల బూజు, మధ్యలో నేను, నా నాలుగు గిన్నెలు.

ఆలోచించి ఆలోచించి నిశ్చయానికి వచ్చాను. ఆదివారం పొద్దున టైలరమ్మ, నేనూ కలిసి ఆరు చెక్కలూ పీకేసి తగలబెడతాం. నీకు నష్టమని తెలుసు. ఇల్లే కూలిపోతే నువ్వు ఏ గోడకు మేకు కొడతావు? నన్ను క్షమించు. ఈ విచారానికి పుస్తకంలో నాలుగు పేజీలు పట్టింది.

అత్తయ్య


పరీక్షశాల, మేడమీద గది,
సెప్టెంబరు 6, శనివారం

అత్తయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. టైలరమ్మ కొట్టుకు ఫోను చేశాను, "అగ్గిపెట్టె ముట్టుకోవద్దని చెప్పండి" అన్నాను. "పొయ్యి వెలిగించొద్దా?" అంది. ఆవిణ్ణి పక్కన పెట్టి నీకు వివరంగా రాస్తున్నాను.

తప్పు నాది. టైలరమ్మ చెప్పింది సగం నిజం. చెక్కలమీద ఉన్నది రంగు కాదు, బూజే. ప్రాణమున్నదే. నీకు చెబితే నిద్ర మానేస్తావని రంగు అన్నాను. బూజు గోడకు వేలాడదీస్తాం ఒప్పుకో అంటే నువ్వు ఒప్పుకునేదానివా?

కానీ ఇది వేరు, అది వేరు. నీ సింకు కింద ఉన్నది దొంగ. తడి చూసి లోపల దూరి చెక్కనే తింటుంది. చెక్కమీద ఉన్నది కాపలావాడు. ముందు ఆ చెక్కలకు అవిసెనూనె బాగా పట్టించాం. ఈ నల్లబూజు ఆ నూనె తిని బతుకుతుంది, చెక్క జోలికి పోదు. దాని నలుపే ఎండ తగలకుండా గొడుగులా అడ్డుపడుతుంది. మామూలు రంగైతే గీసుకుపోతే అంతే సంగతులు. ఇది ప్రాణమున్నది కాబట్టి గీత పడినచోట మళ్ళీ పెరిగి పూడ్చుకోవాలి. పూడ్చుకుంటుందనే నా నమ్మకం. పరీక్షశాలలో సన్నటి గీతలు గీస్తే పూడాయి. బయట, నిజమైన గోడమీద, నిజమైన దెబ్బ తగిలితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. చూద్దామంటే చెక్కలు పాడుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

వెనక గోడనుంచి వంటింట్లోకి ఏదీ పాకలేదు. నీ నేలను పాడుచేసింది ఆ కారే పైపు. పైపు బాగుచేయించు, చెక్క ఎండితే ఆ బూజు ఆగిపోతుంది. వడ్రంగిని పిలిచి మెత్తబడ్డ చెక్క అంతా, దాని చుట్టూ మూరెడు మేర మంచిదిగా కనిపించేది కూడా కోసి తీయించు. బూజు కనిపించేదానికన్నా ముందుకు పోయి ఉంటుంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. టైలరమ్మ బల్లకు కాదు, చెక్కలకు ఏం చేశావు?

నీ కోడలు


ముందు గదినుంచి,
సెప్టెంబరు 10, బుధవారం

అమ్మాయికి,

చెబుతాను. చెప్పాక నన్ను అత్తయ్యా అని పిలవాలో వద్దో నువ్వే తేల్చుకో. టైలరమ్మ నీ ఫోను మాట అందించింది, చెక్కలు తగలబెట్టలేదు.

నీ ఉత్తరం, ముట్టుకోవద్దన్నది, జూన్ 12 గురువారం వచ్చింది. నేను తోమింది జూన్ 11 బుధవారం.

టైలరమ్మ గడ్డం అన్న మాటకు నిద్రపట్టక, పొద్దున్నే బకెట్టు తీసుకుని వెళ్ళాను. రెండు, నాలుగు, అయిదు నంబర్ల చెక్కలు మరీ అసహ్యంగా కనిపించాయి. బట్టల సోడా, వేడినీళ్ళు, ఇనప పీచు. మాడిన గిన్నె తోమినట్టు తోమాను. నాకు కోపం వచ్చినప్పుడు తోమితే ఎలా ఉంటుందో మీ నాన్నను అడుగు, వాడి ఇత్తడి గ్లాసు ఒకటి చిల్లుపడింది. టైలరమ్మ చూసి, "చెక్కలకు స్నానమా? తల కూడా దువ్వుతారా?" అంది. నలుపంతా పోయి చెక్క తెల్లబోయింది. మర్నాడు నీ ఉత్తరం చదివి నేను తెల్లబోయాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కాక కడుక్కోవాలనుకున్నాను. మీ మావయ్య బూటు పాలిష్ డబ్బా అలమరలో ఉంది. దాంతో నాలుగో నంబరుకు పూశాను, బ్రష్షుతో మెరుపు కూడా తెచ్చాను. మిగతా రెంటికీ పాలిష్ చాల్లేదు. నువ్వొచ్చేలోపు ఇంకో డబ్బా కొందామనుకున్నాను.

ఇంతలో భయంకరమైన సంగతి. జూలై 3న రెండో చెక్కమీద చుక్కలు కనపడ్డాయి. జూలై 19న అయిదోదానిమీద. ఆగస్టు 8కి రెండోది సగం నల్లబడింది. ఎవరూ పూయలేదు. నేను పూయలేదని ఒట్టు. ఇది టైలరమ్మ పనేమోనని రెండు రోజులు ఆవిడ చేతులు చూశాను, తెల్లగానే ఉన్నాయి. ఇప్పుడు రెండూ అయిదూ మునుపటిలాగే నల్లగా ఉన్నాయి, ఎక్కడ తోమానో నాకే తెలియదు. పాలిష్ పూసిన నాలుగోది మాత్రం అలాగే బూటులా మెరుస్తోంది, పాలిష్ తగలని అంచుల్లోనే నల్లచుక్కలు. ఇదంతా తారీఖులతో విచారాల పుస్తకంలో ఉంది. వాన ఏ రోజు పడిందో కూడా ఉంది, వాన పడితే నాకు వేరే విచారం కాబట్టి.

మూడేళ్ళ నీ పని నా ఇనప పీచుకు బలైంది. మేడమ్ గారికి నేనే ఉత్తరం రాస్తాను. శిక్ష వెయ్యాల్సింది ముసలిదానికి, పిల్లకు కాదని రాస్తాను. నీ ఉద్యోగం పోతే ఇక్కడికి వచ్చెయ్. నేల గట్టిగా ఉన్న గది ఒకటుంది.

ఒక్క మాట. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా. వెనకున్న కాపలావాణ్ణి కొంచెం గీకి సింకు కింద దొంగమీద వేస్తే?

నీ
అత్తయ్య (పిలిస్తేనే)


పరీక్షశాల, కింద పెద్ద గది,
సెప్టెంబరు 22

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా,

మూడుసార్లు పిలిచాను, సరిపోతుందా?

ముందు, గీకకు. కాపలావాడికి దొంగతో కుస్తీ పట్టడం రాదు, వాడు వీధిలో నిలబడి ఎండను అడ్డుకునేవాడు. దొంగను పట్టేది పైపు రిపేరువాడు.

నీ ఉత్తరం పట్టుకుని మేడమ్ గారి గదికి వెళ్ళాను. దాచి లాభం లేదు. అంతా చదివి వినిపించాను. ఇనప పీచు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. బూటు పాలిష్ దగ్గర కళ్ళజోడు తీసేశారు. అయిపోయింది, సామాన్లు సర్దుకోవడమే అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పాలిష్‌కు బ్రష్షు వాడారా, గుడ్డా?" అన్నారు.

బ్రష్షని చెప్పాను.

"మనం ఇక్కడ దబ్బనంతో గీతలు గీసి, పూడిపోయాయని చప్పట్లు కొట్టుకుంటున్నాం. ఇల్లున్న మనిషి గోడను ఎలా తోముతుందో మనలో ఒక్కరికీ తట్టలేదు. మూడు తోమారు, మూడు వదిలారు. ఒకదానికి గాలి ఆడకుండా పాలిష్ పూశారు. పోల్చి చూసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఎవరో ముసలావిడ నోటిమాటగా చెప్పిందంటే నేను ఒప్పుకోను. తారీఖులు కావాలి" అన్నారు.

నేను అప్పుడు విచారాల పుస్తకం సంగతి చెప్పాను. నమ్మలేదు. "విచారాలకు తారీఖులు వేసేవాళ్ళుంటారా?" అన్నారు.

అందుకని ఆవిడే స్వయంగా వచ్చి, చెక్కలూ పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూస్తారట. చెక్కమీద కనిపించేదీ పుస్తకంలో ఉన్నదీ సరిపోతే నా ఉద్యోగం ఖాయం. సరిపోకపోతే నాతో పని లేదని మొహమాటం లేకుండా చెప్పారు. అత్తయ్యా, పుస్తకంలో నువ్వు రాసింది రాసినట్టు ఉండనీ. మంచిగా కనపడాలని ఒక్క అక్షరం దిద్దకు, తుడవకు, పేజీ చించకు. చెక్కల్ని తోమకు, పుస్తకాన్నీ తోమకు.

ఏడాది నిండేది అక్టోబరు 18, శనివారం. ఆ రోజు రానా? నీకు వీలేనా?

నీ కోడలు


వంటగది బల్ల దగ్గరనుంచి (మళ్ళీ),
అక్టోబరు 1, బుధవారం

అమ్మాయికి,

మీ నాన్న నడుం, మీ అమ్మ తల, పిల్లి చెవి, మేడమ్ గారి గొంతు, అన్నీ సరిగా ఉన్నాయనుకుంటాను. కాపలావాళ్ళు ఇక్కడ క్షేమం. రోజూ పొద్దున పలకరిస్తున్నాను, దూరంనుంచే.

పైపు బాగైంది. వడ్రంగి వచ్చి నేల కోశాడు. నువ్వు చెప్పినట్టే మూరెడు ఎక్కువ తీయమంటే, "బాగున్న చెక్క ఎందుకమ్మా పాడుచేయడం?" అని నవ్వాడు. సరే గుచ్చి చూడవయ్యా అన్నాను. బాగున్న చెక్కలోకి ఉలి వెన్నలోకి దిగినట్టు దిగింది. తర్వాత నవ్వలేదు. తీసిన ముక్కలు చూశాను, ముదురు గోధుమరంగులో, చాక్లెట్ ముక్కల్లా గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, వేళ్ళమధ్య నలిపితే పొడి. వాటిమీద నిలబడి హాయిగా ఉందనుకున్నాను. నా స్క్రూడ్రైవర్ నాకిచ్చాడు. ఆ చెవిని కూడా తీసేశాడు. తీసేముందు దానికి ఒక మాట చెప్పాను, మీ అమ్మ గురించి అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని.

పుస్తకం దిద్దలేదు. కానీ అందులో జూన్ 14న మేడమ్ గారి గురించి రెండు లైన్లున్నాయి. ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఊహించి రాశాను. కొట్టేయాలని చెయ్యి లేచింది. నీ ఉద్యోగం గుర్తొచ్చి చెయ్యి దించేశాను. ఆ పేజీ వచ్చినప్పుడు మేడమ్ గారికి టీ అందించు, కప్పుమీద చూపు పడుతుంది.

సిమెంటు పగుళ్ళు పూడ్చే బూజు మీద కూడా మీవాళ్ళు పని చేస్తున్నారని మొన్న మీ నాన్న రాశాడు. అది మోకాళ్ళకు పనికొస్తుందేమో మేడమ్ గారిని అడిగి రా.

టైలరమ్మ ఆ రోజు కొట్టు మూసి వస్తుందట. "గడ్డం అని మొదట కనిపెట్టింది నేను, నా పేరు కూడా రాయాలి" అంటోంది. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడం లేదు. ఉన్నవి మూడు కుర్చీలు, ఒకటి ఊగుతుంది. ఊగేది టైలరమ్మకు.

అక్టోబరు 18, శనివారం, పదిగంటల బస్సుకు. వీలే. ఆ తారీఖు కింద పుస్తకంలో ఇప్పటికే పదకొండు విచారాలు రాశాను. మేడమ్ గారికి మెట్టు తగులుతుందేమో, వాన పడుతుందేమో, వాన పడకపోతే చెక్కలు నల్లగా కనపడవేమో, ఇలాంటివి. అవన్నీ నేను చూసుకుంటాను. పన్నెండోది, నువ్వు రావేమోనని. దాన్ని నువ్వే వచ్చి నీ చేత్తో కొట్టేయాలి.

నీ
అత్తయ్య